జింక జాడ పట్టడానికి చిన్న కుక్క కావాలా? జాతి పేరు కన్నా ముందు చూడాల్సినవి

నేను తుపాకీ పట్టను, విల్లు పట్టను. వేటకెళ్ళినవాళ్ళు జింకను కొట్టి, అది దొరక్క ఫోన్ చేస్తే, కుక్కను తీసుకుని వెళ్ళి వెతికిపెట్టడం నా వ్యాపకం. దెబ్బ తిన్న జింక ఒక్కోసారి పిలుపు దూరంలోనే పొద చాటున పడి ఉంటుంది. ఒక్కోసారి కిలోమీటరు దాటిపోయి, ప్రాణం పోక, లేవలేక, రాత్రంతా అల్లాడుతుంది. నెత్తురు చుక్కలు ఆగిపోయిన చోట మనిషి కంటికి ఇక దారి ఉండదు. అక్కణ్ణుంచి దాన్ని చేరగలిగేది కుక్క ముక్కు ఒక్కటే. అందుకే ఎవరైనా వచ్చి "మాది చిన్న ఇల్లు, పిల్లలున్నారు, ఈ పనికి చిన్న కుక్క ఏది మంచిది?" అని అడిగితే తొందరపడి ఒక జాతి పేరు చెప్పి పంపించెయ్యను. కూర్చోబెట్టి మొత్తం చెబుతాను. ఆ చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదట చట్టం మాట. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడడం నేరం. కాబట్టి ఇదంతా చట్టం ఒప్పుకున్న వేట సాగే దేశాల్లో ఉంటున్నవారి కోసమే. ఆ దేశాల్లోనూ నియమాలు ఒక్కలా ఉండవు. స్వీడన్‌లో జింక వేటకు వెళ్తే, జంతువుకు దెబ్బ తగిలిన రెండు గంటల్లోపు ఈ పనికి తయారైన కుక్క ఆ చోటికి చేరేలా ఏర్పాటు ఉండాలి. నార్వేలో ఆమోదం పొందిన జాడకుక్క అందుబాటులో లేకుండా జింక వేటకు వెళ్ళకూడదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. చాలా రాష్ట్రాలు దెబ్బ తిన్న జింకను కుక్కతో వెతకనిస్తాయి కానీ దాన్ని తాడుతో పట్టుకునే నడిపించాలంటాయి. మీరుండే చోట తాడు తప్పనిసరి అయితే కుక్క ఎంపిక కూడా మారుతుంది. అందుకే ఆ నియమాలు చదివాకే మిగతా ఆలోచన.

తరమడం వేరు, జాడ పట్టడం వేరు

చాలామంది ఇక్కడే తికమక పడతారు. జింకను పొదల్లోంచి లేపి, మొరుగుతూ వెంటబడి, వేటగాడు నిలబడ్డ వైపు తోలుకొచ్చే కుక్కలు కొన్ని ఉన్నాయి. స్వీడన్ వాళ్ళ డ్రేవర్ అలాంటిది. ఎత్తు 30 నుంచి 38 సెంటీమీటర్లు, పొట్టి కాళ్ళు, గంటలా మోగే గొంతు. యూరప్‌లో ఉండే చిన్నపాటి రో జింకను అది నెమ్మదిగా తరుముతుంది కాబట్టి జింక బెదిరి పరుగు లంకించుకోదు, వేటగాడికి వీలు దొరుకుతుంది. బీగల్ కూడా స్వభావంలో ఈ వైపుదే. గుంపుగా కుందేళ్ళను తరమడానికి పెంచిన జాతి అది.

మనకు కావాల్సిన పని ఇంకోటి. దెబ్బ తిన్న ఒకే ఒక్క జింక, అది వెళ్ళిన ఒకే ఒక్క దారి. కుక్క మెడపట్టీకి దాదాపు పది మీటర్ల తాడు, తాడు చివర మనిషి. ఆ దారిని అదే రోజు వేరే ఆరోగ్యంగా ఉన్న జింకలు నాలుగైదు చోట్ల అడ్డంగా దాటి ఉండొచ్చు. వాటి వాసన తాజాది, ఘాటుది. మనం వెతికేది పాతబడ్డది, పలచబడ్డది. తాజా వాసనను వదిలేసి పాత వాసనను పట్టుకుని వేలాడే కుక్క కావాలి. ఆ గుణం ఉన్న కుక్కే జాడకుక్క. ఆ గుణం లేకపోతే ముక్కు ఎంత గొప్పదైనా ఈ పనికి అక్కరకు రాదు.

ముక్కు గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి. జింక గిట్టల సందులో గ్రంథులుంటాయి. అడుగు వేసిన ప్రతిచోటా వాటి స్రావం నేలకు అంటుతుంది. దానికి తోడు నలిగిన గడ్డి, కదిలిన మట్టి, రాలిన వెంట్రుకలు, గాయం నుంచి వచ్చే వాసన. నెత్తురు ఒక్క చుక్క పడకపోయినా కుక్కకు సరిపడా సరుకు ఉంటుంది. వేట కోసం పెంచిన చిన్న జాతుల్లో దాదాపు అన్నిటికీ ఈ వాసన అందుతుంది. అందినదాన్ని ఎంతసేపు అంటిపెట్టుకుని ఉంటుంది అన్నదగ్గరే తేడా.

మా కుక్క మిరియం, గరుకు బొచ్చు డాషండ్. పొట్టి కాళ్ళు, పొడవాటి ఒళ్ళు ఉండే జాతి అది. ఆకులు రాలిన అడవిలో ఒకసారి దాని వెనక నడుస్తున్నాను. తాడు నా వేళ్ళ మధ్య బిగువుగా, ఒకే తీరున లాగుతోంది. తోక వీపు ఎత్తులో మెల్లగా ఊగుతోంది. ఉన్నట్టుండి పక్క పొదలోంచి ఒక ఆడజింక తెల్ల తోక ఎత్తి దూకింది. మిరియం తల లేచింది, ముందు కాలు ఒకటి గాల్లో ఆగింది, తాడు ఆ వైపు తీగలా బిగిసింది. నేను మాట్లాడలేదు, తాడు లాగలేదు. కొన్ని క్షణాలు అలాగే నిలబడి, గట్టిగా ఊపిరి వదిలి, వెనక్కి తిరిగింది. అంతకు ముందు చివరిగా వాసన చూసిన ఎండుటాకు దగ్గరికి వచ్చి దాని అంచును ముక్కుతో ఎత్తి చూసింది. ఆకు అడుగున నా చిటికెన గోరంత నెత్తురు మచ్చ, ఎండి నల్లబడి ఉంది. మళ్ళీ తాడు పాత దిక్కుకే బిగిసింది. మీరు కుక్కను ఎంచుకునేటప్పుడు వెతకాల్సింది అలా వెనక్కి తిరిగే గుణాన్ని.

చిన్నదే ఎందుకు, చిన్నదైతే ఎక్కడ ఇబ్బంది

చిన్న కుక్క మనిషి నడక వేగంతో నడుస్తుంది. పొడవాటి కాళ్ళ కుక్క తాడు చివర లాగుతుంటే చీకట్లో ముళ్ళ పొదల్లో దాని వెనక పరిగెత్తలేం. దానికి తోడు వేగంగా వెళ్ళే కుక్క మలుపులు దాటేసి ముందుకు పోతుంది. పొట్టి కుక్క ముక్కు ఎలాగూ నేలకు దగ్గరగానే ఉంటుంది, మలుపు దగ్గర తొందరగా సర్దుకుంటుంది. దట్టమైన పొదల కింద జింక దూరిన కన్నంలోంచే అదీ దూరుతుంది. కంచె వస్తే చంకలో పెట్టుకుని దాటొచ్చు. తాడు మీద పని చేసే చోట్ల ఇవన్నీ పెద్ద లాభాలు.

నష్టాలూ ఉన్నాయి. మోకాలి లోతు మంచులో పొట్టి కాళ్ళు ఈదినట్టు కదలాలి, అరగంటలో అలసిపోతుంది. చల్లటి నీళ్ళు నిలిచిన చిత్తడి నేలల్లో పొట్ట తడిసి వణుకు పడుతుంది. పడిపోయిన చెట్ల మొద్దులు ఎక్కి దిగుతుంటే వెన్ను మీద భారం. జింక ఇంకా బతికి ఉంటే మరో ప్రమాదం. కొమ్ముల జింక దెబ్బ తిని మూలన పడ్డా, దగ్గరకు వెళ్ళిన కుక్కను పొడిచేయగలదు. మీరుండే చోట ఏడాదిలో నాలుగైదు నెలలు మంచు పేరుకుని ఉండి, వేట కూడా ఆ నెలల్లోనే సాగితే, డాషండ్ లాంటి పొట్టి కుక్క ఆలోచన మానుకుని బవేరియన్ మౌంటెన్ హౌండ్ లాంటి మధ్యస్థపు కుక్కను చూసుకోండి. అది 44 నుంచి 52 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, ఈ పని కోసమే తయారైన జాతి.

ఇక జాతుల సంగతి

చిన్న కుక్కల్లో నా మొదటి ఓటు గరుకు బొచ్చు డాషండ్‌కే. జర్మనీలో దీన్ని టెకెల్ అంటారు. పొట్టిగా, పొడుగ్గా కనిపించే ఈ కుక్కను ఒళ్ళో కూర్చోబెట్టుకునే బొమ్మలా చూసేవాళ్ళు ఎక్కువ. కానీ అది పుట్టింది నేల కింద బొరియల్లోకి ఒంటరిగా దూరి బ్యాడ్జర్ లాంటి జంతువుల్ని ఎదుర్కోవడానికి. అక్కడ యజమాని సాయం ఉండదు, సొంతంగా నిర్ణయం తీసుకోవాలి, పట్టింది వదలకూడదు. ఇంట్లో మనల్ని విసిగించే ఆ మొండితనమే జాడ మీద మనకు పనికొస్తుంది.

బొచ్చు మూడు రకాలు. నున్నటి బొచ్చుదాన్ని ముళ్ళు గీరేస్తాయి, చలికి తట్టుకోలేదు. పొడవు బొచ్చుదానికి పల్లేరు కాయల్లాంటివన్నీ అంటుకుంటాయి, మంచు ఉండలు కడుతుంది. గరుకు బొచ్చు కొబ్బరి పీచులా ఉంటుంది, ముల్లు లోపలికి దిగదు, నీళ్ళు దులిపేస్తే పోతాయి. అయితే గరుకు బొచ్చు అని అమ్మేవాటిలో కూడా మెత్తగా దూదిలా పెరిగేవి ఉన్నాయి. పిల్లగా ఉన్నప్పుడే ముఖం మీద, కాళ్ళ మీద మెత్తటి జూలు విపరీతంగా ఉంటే పెద్దయ్యాక కూడా మెత్తగా మిగిలే అవకాశం ఎక్కువ. చూడ్డానికి ముద్దొస్తుంది, అడవిలో ఏడిపిస్తుంది.

సైజు దగ్గర జర్మన్ పద్ధతి వేరు, అమెరికా పద్ధతి వేరు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ బరువు చూస్తుంది. స్టాండర్డ్ అంటే 16 నుంచి 32 పౌన్లు, అంటే ఏడు కిలోల నుంచి పద్నాలుగున్నర దాకా. మినియేచర్ అంటే 11 పౌన్లు, అంతకు లోపు. జర్మనీలో బరువు కాకుండా పదిహేను నెలల వయసులో ఛాతీ చుట్టుకొలత తీసి మూడు తరగతులుగా విడదీస్తారు. జింక పనికి స్టాండర్డ్ తీసుకోండి, అందులోనూ పది కిలోల దగ్గర ఉండేది చాలు. పద్నాలుగు కిలోల డాషండ్‌ను మొద్దుల మీదుగా నడిపించడం దాని వెన్నుకు మంచిది కాదు. మినియేచర్లకూ ముక్కు బ్రహ్మాండంగా ఉంటుంది. చదునైన నేల, తక్కువ దూరాలు అయితే అవీ చక్కగా పని చేస్తాయి. కాని గరుకు బొచ్చు మినియేచర్లలో లాఫోరా అనే వంశపారంపర్య మూర్ఛవ్యాధి ఉంది. దానికి జన్యు పరీక్ష ఉంది కాబట్టి తల్లిదండ్రుల ఫలితం చూడకుండా పిల్లను తీసుకోవద్దు.

తల్లినో తండ్రినో పక్కనుంచి చూసి, ఛాతీ అడుగుకూ నేలకూ మధ్య ఎంత ఖాళీ ఉందో గమనించండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ ఖాళీ భుజం ఎత్తులో మూడో వంతు దాకా ఉండాలి. ప్రదర్శనల కోసం పెంచిన కొన్ని వంశాల్లో ఛాతీ నేలను తాకేంత కిందికి దిగిపోయి ఉంటుంది. అలాంటి కుక్క మొద్దు ఎక్కలేదు. ఎక్కినా పొట్ట గీసుకుపోతుంది.

రెండోది ఆల్పైన్ డాక్స్‌బ్రాకె, ఆస్ట్రియా కుక్క. 34 నుంచి 42 సెంటీమీటర్ల ఎత్తు, గట్టి ఎముక, దట్టమైన పొట్టి బొచ్చు. పర్వతాల్లో మంచులో పనిచేసే కుక్క కాబట్టి డాషండ్ ఆగిపోయే చోట ఇది ముందుకు పోతుంది. 1932లోనే ఆస్ట్రియాలో దీన్ని అధికారికంగా గాయపడ్డ జంతువుల జాడ పట్టే జాతిగా గుర్తించారు. అంతకు చాలా ముందు, 1880లలో, ఆస్ట్రియా యువరాజు రుడాల్ఫ్ ఈజిప్టు, టర్కీ వేట ప్రయాణాలకు ఈ కుక్కల్నే వెంట తీసుకెళ్ళాడు. చిక్కల్లా దొరకడంలోనే ఉంది. పెంచేవాళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళు కూడా ఎక్కువగా వేట పనికి వాడేవాళ్ళకే ఇస్తారు. ఎదురుచూసే ఓపిక ఉంటే ఇదీ గొప్ప ఎంపిక. కాస్త పెద్దదైనా ఫరవాలేదు, మంచు ప్రాంతం, చిన్న ఇల్లు అనేవాళ్ళకు నేను దీన్నే చెబుతాను.

ఫ్రాన్స్ నుంచి వచ్చిన బాసే ఫోవ్ ద బ్రెటాన్ కూడా మంచి కుక్క. 32 నుంచి 38 సెంటీమీటర్లు, గోధుమ వన్నె, గరుకు బొచ్చు, చురుకు ఎక్కువ. కుటుంబంతో కలిసిపోతుంది. డాషండ్ కన్నా నడుము పొట్టి. మీ దగ్గర్లో దీన్ని పనికి వాడే పెంపకందారు ఉంటే తప్పకుండా వెళ్ళి చూడండి.

బీగల్ చాలామందికి సులువుగా దొరికేది. కొన్ని బీగళ్ళు అద్భుతంగా జాడ పడతాయి, కళ్ళారా చూశాను. అయితే తరిమే స్వభావం రక్తంలో ఉంది కాబట్టి తాజా కుందేలు, తాజా జింక దగ్గర జారిపోయేవి ఎక్కువ. తీసుకుంటే తల్లో తండ్రో ఇప్పటికే తాడు మీద జింక జాడ పడుతున్న ఇంటి నుంచే తీసుకోండి. "మా బీగళ్ళు కుందేళ్ళను తెగ పట్టేస్తాయి" అని బ్రీడర్ గొప్పగా చెబితే, ఆ గొప్ప మనకు అడ్డం.

జర్మన్ యాగ్డ్‌టెరియర్ పది కిలోలు దాటదు, భయం అంటే ఎరగదు. బతికున్న జింకను పారిపోనివ్వకుండా నిలబెట్టడంలో దానికి సాటి లేదు. కానీ మొదటిసారి కుక్కను పెంచేవాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడమే మేలు. పని లేని రోజుల్లో ఇల్లు పీకి పందిరేస్తుంది. ఇంట్లో పిల్లులుంటే అసలు వద్దు. జాక్ రస్సెల్ గురించి కూడా అడుగుతుంటారు. తెలివైంది, ముక్కూ మంచిదే, కానీ పాతబడ్డ వాసన మీద గంటసేపు నెమ్మదిగా ఉండే ఓపిక దానిలో అరుదు.

జాతి కన్నా వంశం ముఖ్యం

రెండు డాషండ్ల మధ్య తేడా ఒక్కోసారి డాషండ్‌కీ బీగల్‌కీ మధ్య తేడా కన్నా ఎక్కువ ఉంటుంది. తరతరాలుగా సోఫా మీదా ప్రదర్శన బల్ల మీదా పెరిగిన వంశం ఒకటి, తరతరాలుగా అడవిలో పరీక్షలు గెలిచిన వంశం ఇంకోటి. జర్మనీలో డాషండ్ల క్లబ్ 1888 నుంచీ ఉంది. జాడ పరీక్షలు అక్కడ చాలా కఠినం. నెత్తురు పలచగా చల్లి కనీసం 1000 మీటర్ల దారి వేస్తారు, రాత్రంతా అలాగే వదిలేస్తారు. ఒక పరీక్షలో ఆ దారి వయసు 20 గంటలు, ఇంకో పరీక్షలో 40 గంటలు. మధ్యలో మలుపులు, జింకలు తిరిగే అడవి, వాన పడినా పరీక్ష ఆగదు. వంశవృక్షం కాగితంలో తాతముత్తాతల పేర్ల పక్కనే వాళ్ళు గెలిచిన పరీక్షల సంకేతాలుంటాయి. అలాంటి కాగితం ఉన్న పిల్ల ఖరీదు ఎక్కువే, కానీ కాగితం మీద ఏమీ లేని పిల్లకు రెండేళ్ళు నేర్పినా రానిది దీనికి పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు.

40 గంటల పరీక్ష ఎందుకని అనుకోకండి. ఊపిరితిత్తుల్లో తగిలిన జింక తొందరగా పడిపోతుంది, నురగతో కూడిన లేత ఎరుపు నెత్తురు దారంతా ఉంటుంది, చాలాసార్లు కుక్క అవసరమే పడదు. మనకు ఫోన్ వచ్చేది మిగతా వాటికి. కాలేయంలో తగిలితే నెత్తురు ముదురు ఎరుపు, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. పొట్టలోనో పేగుల్లోనో తగిలితే నెత్తురు దాదాపు ఉండదు, పచ్చగానో గోధుమగానో దుర్వాసన కొట్టే మలినం కనిపిస్తుంది. అప్పుడు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు దాన్ని కదిలించకూడదు. తొందరపడి వెంటబడితే బాధతోనే లేచి ఇంకా దూరం పోతుంది. అంటే మన కుక్క ముందుకొచ్చే జాడ చాలాసార్లు పాతదే, నెత్తురు పెద్దగా లేనిదే.

బ్రీడర్‌ను ఫోన్లో అడిగి వదిలేయకండి, తల్లి పని చేస్తుంటే చూడాలని అడగండి. నిజమైన పిలుపు దొరక్కపోతే నేర్పడానికి వేసిన దారైనా సరే. దారి తప్పినప్పుడు తల్లి ఏం చేస్తుందో చూడండి. తల పైకెత్తి గాలి చూస్తూ పరుగు పెడుతుందా, లేక చుట్టూ చిన్న వలయం తిరిగి చివరి అడుగు దగ్గరికి వస్తుందా? మధ్యలో ఆరోగ్యంగా ఉన్న జింక లేస్తే ఏం చేస్తుంది? యజమాని గట్టిగా అరిచి వెనక్కి లాగితేనే వస్తే, పిల్లలకు కూడా మీరు అంత గట్టిగానే అరవాల్సి వస్తుంది. సొంతంగా తిరిగి వస్తే ఆ ఈత (ఒకే కాన్పులో పుట్టే) పిల్లల కోసం ఏడాది ఆగినా నష్టం లేదు.

పని చూసే ఉత్సాహంలో ఆరోగ్యం అడగడం మరిచిపోవద్దు. పొట్టి కాళ్ళ కుక్కలకు వెన్నుపూసల మధ్య డిస్కు జారే జబ్బు పెద్ద శాపం, డాషండ్లలో మరీ ఎక్కువ. దీని వెనక ఉన్న జన్యువును 2017లో గుర్తించారు గాని డాషండ్లలో దాదాపు అన్నిటికీ అది ఉంది కాబట్టి ఒక్క జన్యు పరీక్షతో మంచి చెడు తేలదు. తల్లిదండ్రులకు రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ వయసు మధ్య వెన్ను ఎక్స్‌రే తీయించి, ఎన్ని డిస్కులు గట్టిపడ్డాయో లెక్కించిన రిపోర్టు అడగండి. స్కాండినేవియా దేశాల్లో ఇది ఎప్పటినుంచో అలవాటు. తాత, అమ్మమ్మ కుక్కలు ఎంత వయసు దాకా అడవికి వెళ్ళాయో కూడా అడగండి. పదేళ్ళు దాటినా పని చేసిన అమ్మమ్మ ఉంటే, నా దృష్టిలో అది ఎక్స్‌రేకు సాటి వచ్చే సాక్ష్యం. మచ్చల రంగు (డాపుల్) డాషండ్లు రెండింటిని కలిపి తీసిన పిల్లలకు గుడ్డితనం, చెవుడు వచ్చే ప్రమాదం ఉంది. రంగు చూపించి ఎక్కువ ధర అడిగే ఇంటి నుంచి వెంటనే వచ్చేయండి.

ఈతలో పిల్లను ఎంచుకోవడం

ఏడెనిమిది వారాల వయసులో పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. అన్నీ ముద్దుగానే ఉంటాయి, కాళ్ళ మీద పడి లేస్తుంటాయి. ముందే బ్రీడర్‌తో మాట్లాడుకుని చిన్న పరీక్ష ఏర్పాటు చేసుకోండి. ఒక లివర్ ముక్కను దారానికి కట్టి, పిల్లలు చూడకుండా, పొట్టి గడ్డిలో పది మీటర్లు లాగండి. మధ్యలో ఒక మలుపు తప్పకుండా ఉండాలి. చివర ఆ ముక్కను వదిలేయండి. పావుగంట ఆగి ఒక్కో పిల్లను విడిగా తెచ్చి మొదట్లో దించండి. ఒక్కో పిల్లకు కొత్త దారి వేయాలి, ముందు పిల్ల వాసన మీద వెనక పిల్ల పోతే మనకు ఏమీ తెలియదు.

ముందుగా చేరిన పిల్లే మంచిదని అనుకోకండి. మలుపు దగ్గర కళ్ళు పెట్టండి. కొన్ని మలుపు దాటి నేరుగా పోయి, వాసన అందక, మీ బూటు లేసుల మీదికి వస్తాయి. కొన్ని కూర్చుని కుయ్యోమంటాయి. ఏదో ఒకటి దాటిపోయి, ఆగి, తల దించుకునే వెనక్కి వచ్చి, మలుపు దొరికాక తోక కదలిక మారుతుంది. ఆ పిల్ల మీద చెయ్యి వేయండి. అది ఈతలో చిన్నదైనా సరే, రంగు మీకు నచ్చకపోయినా సరే.

తర్వాత ఒక స్టీలు గిన్నె కొద్ది దూరంలో నేల మీద పడేయండి. ఉలిక్కిపడడం సహజం. కాసేపటికే ఆ గిన్నె ఏమిటో చూడ్డానికి వచ్చే పిల్ల మంచిది. మూలకు పోయి బయటికి రానిది తుపాకీ చప్పుడు తట్టుకోలేదు. మనిషి పట్ల ధోరణి కూడా చూడాలి. అస్తమానం మీ ముఖంలోకి చూస్తూ అనుమతి అడిగే పిల్ల జాడ మీద కూడా మిమ్మల్నే అడుగుతుంది. దారి తెలిసింది దానికి, మనకు కాదు. అసలు మనిషిని పట్టించుకోని పిల్లతో తాడు మీద జత కుదరదు. తన పని చూసుకుని, పిలిస్తే ఒకసారి వచ్చి పలకరించి, మళ్ళీ పనికి పోయేది చాలు. ఆడా మగా అన్నదానికి ఈ పనిలో పెద్ద తేడా నేను చూడలేదు. వేట కాలంలోనే ఎదకు వస్తే ఆ కొన్ని వారాలు ఆడకుక్క ఇంట్లో ఉండాల్సి రావచ్చు, అంతే.

పిల్లను కాకుండా వయసొచ్చిన కుక్కను తీసుకోవచ్చా అంటే, తప్పకుండా. ఏదో కారణంతో యజమాని వదులుకుంటున్న రెండు మూడేళ్ళ కుక్క, జాడ పట్టడం వచ్చింది, వెన్ను ఎక్స్‌రే బాగుంది అంటే పిల్లకన్నా అదే నయం. కొనే ముందు మీ చేతి తాడు మీద ఒక పాతబడ్డ దారి నడిపించి చూడండి. యజమాని చేతిలో అద్భుతంగా చేసి కొత్త మనిషి చేతిలో కదలని కుక్కలుంటాయి. వాటికి కొన్ని నెలలు పడుతుంది, కానీ వస్తాయి.

ఇంటికి తెచ్చాక మొదటి ఏడాది

ఎంపిక సరైనదో కాదో తేలేది ఇక్కడే కాబట్టి కొంచెం చెబుతాను. వెన్ను కాపాడాలంటే బరువు పెరగనివ్వకూడదు. పైనుంచి చూస్తే నడుము సన్నగా కనపడాలి, పక్కటెముకలు చేతికి తగలాలి. సోఫా ఎక్కి దూకడం, మెట్లు గెంతడం మొదటి రోజు నుంచే ఆపండి. ఎప్పుడైనా ఎత్తుకోబోతే కుయ్యిమన్నా, వెనక కాళ్ళు తూలినా అదే రోజు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, రేపు చూద్దామనుకోవద్దు.

నేర్పడం లివర్ ముక్కతో మొదలుపెట్టి, కొన్ని వారాలకు నెత్తురు చుక్కలకు, తర్వాత జింక గిట్టలకు మారండి. గిట్టలను అడుగున బిగించుకుని నడిచే ప్రత్యేకమైన చెప్పులు దొరుకుతాయి. వాటితో దారి వేస్తే గిట్ట సందు వాసన కూడా నేలకు అంటుతుంది. ప్రతిసారీ దారి చివర జింక తోలు ముక్క ఉండాలి, కుక్క దాన్ని కాసేపు పీకి ఆడుకోనివ్వాలి. అదే దానికి జీతం. దారి పొడవు పెంచేటప్పుడు దాని వయసు పెంచకండి, వయసు పెంచేటప్పుడు పొడవు తగ్గించండి. ఎక్కువ నెత్తురు వాడే అలవాటు చేస్తే, నిజమైన జాడ మీద నెత్తురు లేదని కుక్క ఆగిపోతుంది. అందుకే మొదటి నుంచే తక్కువ వాడాలి. జాడ పనికి ఒక మెడపట్టీ, మామూలు నడకకు ఇంకోటి పెట్టండి. వెడల్పు పట్టీ మెడకెక్కగానే పని మొదలైందని దానికి అర్థమవుతుంది. మా మిరియం ఆ పట్టీ చూడగానే తలుపు దగ్గర మౌనంగా కూర్చుంటుంది, మామూలు పట్టీ చూస్తే గోల చేస్తుంది.

నిజమైన పిలుపులకు ఎప్పుడు తీసుకెళ్ళాలన్నది నెలల లెక్క కాదు. రాత్రంతా వదిలేసిన, మలుపులున్న దారిని రెండు వేర్వేరు వాతావరణాల్లో సొంతంగా పూర్తి చేస్తే సిద్ధమైనట్టే. మొదటి పిలుపు సులువైనదై ఉండాలి. మీకు తెలిసిన వేటగాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి. జింక పడిపోవడం కళ్ళతో చూసినా దాన్ని వెంటనే ఎత్తకుండా, రెండు మూడు గంటలు ఆగి మీకు ఫోన్ చేయమని చెప్పండి. జింక ఎక్కడుందో వాళ్ళకు తెలుసు, మీకు తెలియకూడదు. అలా అయితే మీరు తెలియకుండానే తాడు ఆ వైపు లాగే ప్రమాదం ఉండదు, కుక్క తప్పితే చెప్పడానికి వెనక వేటగాడు ఉంటాడు. కుక్కకు నారింజ రంగు తొడుగు వేసి, నెత్తురు కనిపించిన మొదటి చోట దించి, తాడు చివర పట్టుకుని దాని పొడవంతా వదిలి, ఇక నోరు మూసుకుని దాని వెనక నడవండి.